గొంతుకే కాదు, ఒంటికీ పాఠం కావాలి

సంపాదకులకు,

గాత్ర శిక్షణపై ఇటీవల మీరు వేసిన వ్యాసం సిలబస్ గురించి, పరీక్షల గురించి బాగానే చెప్పింది. పాడే మనిషికి ఒళ్లంటూ ఒకటుందన్న ఊసు మాత్రం అందులో లేదు.

తారషడ్జం, అంటే పై ‘స’, అందుకునే దగ్గర విద్యార్థిని గమనించండి. గడ్డం పైకి లేస్తుంది, భుజాలు చెవులదాకా వస్తాయి, నిలబడి ఉంటే మోకాళ్లు బిగుసుకుంటాయి. గురువుగారేమో ‘గొంతు విప్పి పాడు’ అంటారు. మెడ బిగిశాక గొంతు ఎలా విప్పుతాడు? అదే పంక్తిని గదిలో నాలుగడుగులు వేస్తూ పాడమనండి. చాలాసార్లు ఊపిరి దానంతటదే కిందికి దిగుతుంది.

ఇదేం కొత్త వింత కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం అనే శాస్త్రగ్రంథంలో చెప్పిన 25 గాయక దోషాల్లో పళ్లు బిగించడం, మెడ వంకర తిప్పడం, బుగ్గలు ఉబ్బించడం, కళ్లు మూసుకోవడం ఉన్నాయి. దోషాలకు పేర్లున్నాయి, వాటిని పోగొట్టే సాధనే తరగతిలో లేదు. వేదికపై గొంతు బొంగురుపోతుంటే ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అనే నటుడు అద్దాల ముందు నిలబడి తన తప్పు తానే పట్టుకున్నాడు: నోరు విప్పినప్పుడల్లా తల వెనక్కి లాగుతున్నాడు. జెనీవాలో పాఠాలు చెప్పిన సంగీత గురువు డాల్‌క్రోజ్ లయను విద్యార్థుల నడకలోకి ఎక్కించాడు. రష్యన్ నాటక దర్శకుడు స్తనిస్లావ్‌స్కీ అయితే 1918లో మాస్కోలోని బొల్షోయ్ థియేటర్ ఒపెరా గాయకులకు నటన నేర్పేందుకు ఏకంగా ఒక స్టూడియోనే నడపడం మొదలుపెట్టాడు.

‘పాటకు నటనెందుకు, చేతులూపితే ఎబ్బెట్టు’ అంటారు కొందరు. నిజమే, ఎబ్బెట్టే. స్తనిస్లావ్‌స్కీ వదిలించాలని చూసింది కూడా ఆ అరిగిపోయిన చేతి విసుర్లనే. నేననే నటన వేరు. ‘రా’ అని పిలిచే చరణం పాడుతున్న అమ్మాయిని అడగండి: ఎవర్ని పిలుస్తున్నావు? పక్క గదిలో ఉన్నారా, ఏరు అవతలున్నారా? అలిగి వెళ్లినవాళ్లా? ముందు తెల్లమొహం వేస్తుంది. జవాబు దొరికాక అదే ‘రా’ పాడించండి. ఊపిరి తీసే తీరు, మాట విరిచే చోటు మారిపోతాయి. చెయ్యి కదపక్కర్లేదు.

సంగీత కళాశాలలు మొదటి ఏడాది నుంచే వారానికో గంట ఈ కదలిక, నటన సాధనకు కేటాయించాలి. ఏడాది చివర ఒకపూట వర్క్‌షాప్ పెట్టి చేతులు దులుపుకుంటే లాభం లేదు. కదలిక నేర్పేవారు, నటన నేర్పేవారు గాత్రం గురువుతో కలిసి ఒకే గదిలో కూర్చోవాలి, లేకపోతే ఒకరు వదిలించిన బిగువును ఇంకొకరు మళ్లీ అంటిస్తారు. నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు కూర్చునే చేసే అభ్యాసాలివ్వాలి. మార్కులు మాత్రం పెట్టొద్దు. పెట్టారా, ఇదీ బట్టీ అయిపోతుంది.

ఇట్లు,
ఒక గాత్ర ఉపాధ్యాయురాలు