మొబైల్ స్టార్టర్ వారంటీ తిరస్కరణ, చూపులేనివారికి పనిచేయని మీ వెబ్‌సైట్‌పై ఫిర్యాదు

గుర్రంపోడు మండలం,
నల్లగొండ జిల్లా,
జూన్ 9, 2025.

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: వారంటీ రిజిస్ట్రేషన్ పేజీ స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పనిచేయకపోవడం, ఆ కారణంగా నా వారంటీని తిరస్కరించడం గురించి.

అయ్యా,

నేను నాలుగెకరాల బత్తాయి తోట చేసుకునే రైతును. నాకు చూపు లేదు. చిన్నప్పుడు రేచీకటిగా మొదలై, ముప్పై దాటేసరికి పూర్తిగా పోయింది. ఫిబ్రవరి 3న నల్లగొండలోని మీ డీలరు దగ్గర, ఫోన్‌తోనే బోరు మోటరు వేసే మొబైల్ స్టార్టర్ కొన్నాను. మా బోరు తోటకు ఆ చివరన ఉంటుంది. అంతకుముందు రాత్రిపూట మోటరు వేయాలంటే గట్టు వెంట కట్టిన తాడు పట్టుకొని పోయేవాణ్ని. పురుగూ పుట్రా ఉంటాయని ఇంట్లోవాళ్లకు నేను తిరిగొచ్చేదాకా టెన్షనే. మీ డబ్బా బిగించిన రోజు మంచం మీద కూర్చొనే ఫోన్ చేస్తే, మోటరు ఆన్ అయిందని తెలుగులో చెప్పింది. మా ఆవిడ ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంది. ఇంత మంచి వస్తువు తయారుచేసిన కంపెనీ మీద ఫిర్యాదు రాయాల్సి వచ్చినందుకు బాధగా ఉంది.

ఏప్రిల్ 22న డబ్బా పనిచేయడం మానేసింది. వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టమన్నాడు డీలరు. కొన్న 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోలేదు కాబట్టి వారంటీ వర్తించదని మీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ 30 రోజుల్లో నేను మూడుసార్లు ప్రయత్నించాను. ఏం జరిగిందో చెప్తాను.

నేను ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ వాడతాను. వేలు కుడివైపు జరిపితే తర్వాతి అంశం చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు లెక్క. బ్యాంకు పనులు, మార్కెట్ ధరలు, పిల్లల ఫీజులు అన్నీ దీంతోనే చూసుకుంటాను. మీ పేజీ తెరవగానే ఒక ఆడ గొంతు తనంతట తానే చదవడం మొదలుపెట్టింది. అది మీరు కొత్తగా పెట్టిన 'వినండి' సౌకర్యమట. దాని మాటా, నా టాక్‌బ్యాక్ మాటా ఒకదాని మీద ఒకటి పడి రెండూ అర్థం కాలేదు. ఆపుదామంటే ఆపే బటన్ ఎక్కడుందో వెతకడానికి కూడా నేను టాక్‌బ్యాక్ మాటే వినాలి కదా! ఫోన్ సౌండు తగ్గిస్తే నా గొంతు కూడా పోతుంది.

చివరికి దాన్ని ఆపి ఫారం దగ్గరికి వెళ్తే, 'ఎడిట్ బాక్స్, ఎడిట్ బాక్స్, ఎడిట్ బాక్స్' అని ఆరుసార్లు వినిపించింది. ఏది పేరో, ఏది సీరియల్ నంబరో తెలియదు. పైన వివరంగా తెలుగులో రాశారని మా అబ్బాయి చెప్పాడు. కానీ పేజీ భాష ఇంగ్లీష్ అని కోడ్‌లో ఉండటం వల్ల ఇంగ్లీష్ గొంతు వచ్చి తెలుగంతా దాటేసి పోతోంది. నాకు వినబడినవి అంకెలు మాత్రమే: ధర, పిన్‌కోడ్, 30. ఏదో ఒకటి ఊహించి నింపితే 'ఎరుపు రంగులో ఉన్న గడులు సరిచేయండి' అన్నారు. ఎరుపు నాకెలా తెలుస్తుంది? ఆ తర్వాత బొమ్మలో ఉన్న అక్షరాలు టైపు చేయమన్నారు. దానికి వినే ప్రత్యామ్నాయం లేదు.

మూడోసారి పక్కింటి కుర్రాణ్ని కూర్చోబెట్టుకున్నాను. బొమ్మ అక్షరాలు అతనే చదివిపెట్టాడు. ఓటీపీ వచ్చింది. నేను మెసేజ్ తెరిచి, అంకెలు విని, గుర్తుపెట్టుకొని వెనక్కి వచ్చేసరికి ఒక నిమిషం గడువు దాటింది. ఫోన్ ఇచ్చేయండి, నేనే కొడతానన్నాడు. ఇవ్వలేదు. మంచి పిల్లవాడే, కానీ నా ఓటీపీ నా చెవికే తెలియాలి. డబ్బులు నా చేతులతో లెక్కపెట్టి కొన్న వస్తువుకు వారంటీ కూడా నా చేతులతోనే రాసుకోవాలి.

మాన్యువల్ సంగతీ ఇంతే. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్‌లో ఉంది, ఫోన్లు, కంప్యూటర్లు తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో లేదు. కంటికి అది తెలుగే కావచ్చు, మెషీన్‌కు అర్థం లేని ఇంగ్లీష్ గుర్తులు. ఏ లైటు వెలిగితే ఏ లోపమో చెప్పే పట్టిక ఒక ఫొటో. ఫేజు పోయిందా, బోరులో నీళ్లు అడుగంటి డబ్బా తానే ఆగిందా అన్నది ఏప్రిల్ ఎండల్లో రైతుకు చాలా పెద్ద ప్రశ్న. తేల్చుకోలేక మెకానిక్ కోసం నాలుగు రోజులు చూశాను. తడి అందక చెట్ల కింద పిందెలు రాలిపోయాయి. కాలికింద అవి నలుగుతుంటే లెక్క తెలిసింది.

'వినండి' బటన్ పెట్టి మా పట్ల బాధ్యత తీరిందని మీరు అనుకొని ఉంటారు. చదివే గొంతు మా దగ్గర ముందే ఉంది సార్. కంప్యూటర్‌లో వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏను చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్లు, మైకేల్ కరన్, జేమ్స్ టే, 2006లో మొదలుపెట్టి లోకమంతటికీ ఉచితంగా ఇచ్చారు. అక్షరాలు కూడబలుక్కునే పెద్దవాళ్లకు మీ బటన్ పనికొస్తుంది, దాన్ని తీసేయమనను. నొక్కితేనే మాట్లాడేలా చేయండి. మాకు కావాల్సింది ఇంకో గొంతు కాదు. మా గొంతుకు అందేలా పేజీ కట్టండి. ప్రతి గడికీ కోడ్‌లో పేరు ఇవ్వండి. పేజీ భాష తెలుగు అని రాయండి. తప్పు ఎక్కడుందో మాటల్లో చెప్పండి. బొమ్మ అక్షరాలకు బదులు ఇంకో దారి ఉంచండి, ఓటీపీ గడువు పెంచండి. మాన్యువల్‌ను యూనికోడ్‌లో టైపు చేయించండి.

ఇది నేను దయతో చేయమని అడగడం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలనూ కలుపుకొనే మాట్లాడుతుంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని ఈ ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. వెబ్ పేజీలు ఎలా ఉండాలో డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలు 1999 నుంచీ ఉన్నాయి. తనంతట తాను మోగే శబ్దాన్ని ఆపుకొనే వీలుండాలని, రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదని అందులో స్పష్టంగా ఉంది.

నా స్టార్టర్‌ను వారంటీ కింద బాగుచేయండి, లేదా మార్చివ్వండి. రిజిస్ట్రేషన్ గడువు దాటింది మీ పేజీ వల్ల, నా వల్ల కాదు. బిల్లు, మీ తిరస్కరణ మెసేజ్ జతచేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వెబ్‌సైట్ చేసే మీ పిల్లలు ఎవరైనా వస్తానంటే మా ఇంటికి పంపండి. నా ఫోన్ వాళ్ల చేతికిచ్చి, స్క్రీన్ ఆపి, ఆ ఫారం నింపమంటాను. నేనూ పక్కన కూర్చొని సాయం చేస్తాను.

జవాబును లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి ఫొటో పంపకండి. తెలుగులో టైపు చేసి పంపండి, నేనే చదువుకుంటాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
ఒక బత్తాయి రైతు