బయట నిలబడి నీళ్లు చిమ్మడం కూడా ఒక నిర్ణయమే

సంపాదకులు గారికి,

నమస్కారం. పెద్ద వ్యాపార భవనం ఏదైనా తగలబడినప్పుడు మన పత్రికల్లోనూ టీవీల్లోనూ రెండు వాక్యాలు తప్పకుండా కనిపిస్తాయి. ఇన్ని ఫైరింజన్లు వచ్చాయన్నది మొదటిది. సిబ్బంది లోపలికి వెళ్లే ధైర్యం చేయక బయటే నిలబడి నీళ్లు చిమ్ముతూ పొద్దుపుచ్చారన్న స్థానికుల ఆరోపణ రెండోది. అగ్నిమాపక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా ప్రధానంగా ఈ రెండో వాక్యం గురించి రాస్తున్నాను. శాఖను వెనకేసుకురావాలని కాదు. శాఖ చేయాల్సి ఉండీ చేయనివి కూడా ఈ ఉత్తరంలోనే చెబుతాను. అయితే లోపలికి వెళ్లడమా మానడమా అన్నది కేవలం ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. ఆ నిర్ణయంలో చాలా భాగాన్ని మంట అంటుకోవడానికి ఏళ్ల ముందే ఆ భవనాన్ని కట్టినవాళ్లూ, వాడుకుంటున్నవాళ్లూ కలిసి చేసేసి ఉంటారు.

ముందు ఫైరింజన్ల లెక్క సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. మన వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైరింజన్‌లో, సాధారణంగా 4,500 లీటర్ల నీళ్లు పడతాయి. ఎత్తు నుంచి నిమిషానికి రెండు వేల లీటర్లు చిమ్మే మానిటర్ (పెద్ద నీటి ఫిరంగి) పెడితే ఆ నీళ్లు రెండున్నర నిమిషాలు కూడా రావు. కాబట్టి ఇరవై బండ్లు వచ్చాయంటే ఇరవై బృందాలు మంటతో పోరాడాయని అర్థం కాదు. వాటిలో చాలావరకు నీళ్లు మోసుకొచ్చి, ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకోవడానికి తిరుగుతున్న బండ్లే. దగ్గరలో పనిచేసే హైడ్రంట్ (ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే కుళాయి) ఉన్నచోట తక్కువ బండ్లతో పని జరుగుతుంది, లేనిచోట ఎన్ని వచ్చినా చాలవు.

ఇక అసలు విషయం. 2023 జనవరి 19న సికింద్రాబాద్ నల్లగుట్టలోని డెక్కన్ మాల్‌లో ఉదయం అంటుకున్న మంట రాత్రంతా పోరాడినా పూర్తిగా ఆరలేదు. ముగ్గురు కార్మికులు గల్లంతయ్యారు. వేడి తగ్గక, లోపలి స్లాబులు కూలుతుండటంతో సిబ్బంది లోపలికి అడుగుపెట్టలేకపోయారు. డ్రోన్ పంపి లోపలి పరిస్థితిని చూడవలసి వచ్చింది, చివరకు భవనాన్నే కూల్చివేశారు. ఆ రోజు రోడ్డు మీద గుమిగూడిన జనం కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ అక్కడ బాధ్యత వహించే అధికారి కళ్లతో కూడా ఒకసారి చూడాలి.

ఆ అధికారి బండి దిగగానే మొట్టమొదట చేయవలసింది నీళ్లు కొట్టించడం కాదు, చూడడం. వీలైతే భవనం చుట్టూ నడిచి నాలుగు పక్కలా చూడాలి. పొగ ఏ అంతస్తు నుంచి వస్తోంది, పలచగా వస్తోందా లేక ఒత్తిడితో చిక్కగా తన్నుకొస్తోందా, ఎంతసేపటి నుంచి మండుతోంది, కింద ఏ సరుకు ఉంది, లోపల మనుషులు ఉన్నారా, ఉంటే ఎక్కడ, మెట్లు ఎటువైపు ఉన్నాయి అన్న ప్రశ్నలన్నింటికీ ఒకటి రెండు నిమిషాల్లో జవాబు రాబట్టాలి. మన బజార్లలో చుట్టూ నడవడానికి దారే ఉండదు. వెనక గోడ పక్కవాళ్ల గోడకు ఆనుకుని ఉంటుంది, పక్క సందులో జనరేటరో అట్టపెట్టెల గుట్టో అడ్డం ఉంటుంది. అంటే నాలుగు ముఖాలున్న భవనంలో ఒక్క ముఖాన్ని మాత్రమే చూసి ఆయన తన మనుషుల ప్రాణాలకు పూచీ పడాలి.

ఆయన ముందున్న మార్గాలు రెండు. మెట్ల మీదుగా లోపలికి వెళ్లి మంట పుట్టినచోటే దాన్ని అణచడం ఒకటి, భవనంపై ఆశ వదులుకుని బయట నుంచి కట్టడి చేస్తూ ఇరుగుపొరుగు భవనాలకు పాకకుండా చూడడం రెండోది. మంట ఒకటి రెండు గదులకు పరిమితమై ఉన్నంతవరకు, మెట్లు చేతిలో ఉన్నంతవరకు మొదటి మార్గమే సరైనది. లోపల మనిషి ఉన్నాడని తెలిస్తే మా వాళ్లు ఎక్కువ సాహసమే చేస్తారు. కానీ ఇంట్లో మంటకూ పెద్ద దుకాణంలో మంటకూ చాలా తేడా ఉంది. ఇంట్లో నాలుగడుగులు వేస్తే కిటికీ దొరుకుతుంది. నూరడుగుల లోతున్న షోరూంలో కిటికీలే ఉండవు, ర్యాకుల మధ్య సందులు ఎటు మలుపు తిరుగుతాయో తెలియదు, పొగలో తన చెయ్యి తనకే కనిపించదు. పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపున మోసే బీఏ సెట్టు గాలి సిలిండర్ పేరుకు నలభై అయిదు నిమిషాలదే అయినా, బరువైన హోస్‌పైపు లాక్కుంటూ మోకాళ్ల మీద పాకే మనిషికి అంతసేపు రాదు. తిరిగి రావడానికి పట్టే గాలిని ముందే తీసిపెట్టుకోవాలి కదా; మిగిలిన దాంట్లో మంట దగ్గరికి చేరడానికి పోయింది పోగా పని చేయడానికి దక్కేది కొద్ది నిమిషాలే.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ నగరం 2007 జూన్ 18న చూసింది. సోఫా సూపర్ స్టోర్ అనే పెద్ద ఫర్నిచర్ దుకాణంలో సరుకు దించే చోట రాజుకున్న మంటను ఆర్పడానికి వెళ్లిన సిబ్బందికి షోరూంలో మొదట్లో పెద్దగా పొగే కనిపించలేదు. మంట మాత్రం అలంకరణ సీలింగుకూ ఇనుప కప్పుకూ మధ్య ఉన్న ఖాళీలో కంటపడకుండా పాకుతూ పోయింది. ఉన్నట్టుండి అంతా చీకటి కమ్మింది, కొందరు దారి తప్పారు, కొందరి గాలి అయిపోయింది. మొత్తం తొమ్మిది మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ భవనంలో స్ప్రింక్లర్లు (వేడి తగలగానే పైకప్పు నుంచి నీళ్లు చల్లే పరికరాలు) లేవు. రోడ్డుకు అడ్డంగా పరిచిన హోస్‌పైపుల మీదుగా వాహనాలు వెళ్లిపోవడం వల్ల లోపలివాళ్లకు నీళ్లు సరిగా అందలేదు. మన ఊళ్లలో జరిగేదీ ఇదే: పైపు మీద నుంచి బండి ఎక్కిస్తే చక్రం కింద నలిగేది గుడ్డపైపు మాత్రమేనని అనుకుంటారు, రెండో కొసన ఉన్న మనిషి సంగతి ఎవరికీ గుర్తుండదు. అదే దుకాణంలో వెనక భాగంలో చిక్కుకున్న ఒక ఉద్యోగిని మాత్రం బయటి గోడను కోసి ప్రాణాలతో బయటికి తీశారు. మనిషి ఎక్కడున్నాడో కచ్చితంగా తెలిస్తే మెట్లతో పనిలేకుండా కాపాడే దారి కూడా దొరుకుతుందన్నమాట.

అదే సంఘటనలో మరొక సంగతి ఉంది. పొగ బయటికి పోవాలని ముందరి అద్దాలు పగలగొట్టారు. దాంతో గాలి అందిన మంట దుకాణం వెనక నుంచి ముందుకు దూసుకొచ్చిందని అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ తన దర్యాప్తులో తేల్చింది. మూసి ఉన్న భవనంలో మంట గాలి లేక మగ్గుతూ ఉంటుంది. నీళ్లు చేతిలో సిద్ధంగా లేకుండా అద్దం పగలగొట్టడమంటే దానికి ఊపిరి పోయడమే. అందుకే అద్దాలను ఎప్పుడు పగలగొట్టాలి, ఏ అంతస్తులో, ఏ వైపున అన్నది లోపలి బృందంతో మాట్లాడుకుని చేయవలసిన పని. సాయం చేద్దామనే మంచి మనసుతోనే అయినా కింద నుంచి రాళ్లు విసిరే యువకులు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవాలి.

అలాగని పొగను లోపలే వదిలేసినా మనుషులు దక్కరు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురూ ఉపాధి కోసం జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు. వాళ్ల ప్రాణం తీసింది మంట కాదు, పొగ. అంతకు ఆరు నెలల ముందు, 2022 సెప్టెంబరు 12 రాత్రి, అదే సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన పొగ మెట్ల దారినే పైకి ఎగబాకి ఎనిమిది మందిని బలి తీసుకుంది. మెట్లగది ఒక్కటే ఉన్న భవనంలో అదే మనుషులు దిగే దారి, అదే మేము ఎక్కే దారి, అదే పొగగొట్టం. దాని పైకొస తెరిచి ఉంటే, లేదా తేలికగా తెరవగలిగితే, కింద ఫ్యాను పెట్టి పొగను పైనుంచి బయటికి తోలవచ్చు. మెట్లను చేజిక్కించుకుంటే సగం పని అయినట్టే. కాని టెర్రస్ తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. భవనం ముఖాన్ని గాజుతోనో అల్యూమినియం ప్యానెళ్లతోనో పూర్తిగా మూసి, దానిపై నిలువెత్తు ఫ్లెక్సీ కట్టేస్తే స్కైలిఫ్ట్ (పై అంతస్తులకు అందే పొడవాటి చెయ్యి ఉన్న బండి) వచ్చినా లోపలివాళ్లను చేరడానికి రంధ్రం ఉండదు. 2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రిలో తొంభై మంది వరకు చనిపోయారు. అక్కడ కూడా బేస్‌మెంట్‌లో నిల్వ ఉంచిన సామాను అంటుకుని, ఆ పొగ గాజుతో మూసేసిన భవనమంతా కమ్ముకుంది.

బయటి నుంచి పోరాడాలని నిర్ణయించాక లోపల ఒక్కరు కూడా ఉండకూడదు. ఇది చాలామందికి తెలియదు. పై నుంచి పడే మానిటర్ ధార గోడలనూ అలమారలనూ పడగొడుతుంది. పొగ బయటికి వెళ్లే దారిలోనే నీళ్లు కొడితే వేడీ ఆవిరీ వెనక్కి తిరిగి లోపలివాళ్ల మీద పడతాయి. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక టన్ను బరువు. బట్టల గోదాములో ఆ నీళ్లు బయటికి పోకుండా సరుకులో ఇంకిపోయి స్లాబు మీదే కూర్చుంటాయి. ఉక్కు అయిదారు వందల డిగ్రీల వేడికి సగం బలం పోగొట్టుకుంటుంది. గంటల తరబడి కాలిన స్లాబు మీద ఇన్ని టన్నులు మోపాక దాని కిందికి మనుషులను పంపమనడం న్యాయం కాదు. గోడ కూలితే చేరగలిగినంత దూరం వరకు జనాన్నీ, బండ్లనూ, కెమెరాలనూ వెనక్కి పంపాలి. ఆ పని చేసేటప్పుడే మాకు అందరికన్నా ఎక్కువ తిట్లు పడతాయి.

ఇప్పుడు శాఖ సంగతి. పెద్ద వ్యాపార భవనాలకు ముందే వెళ్లి మెట్లు, సెల్లార్, కరెంటు మెయిన్, నీళ్ల ట్యాంకు, పైపులకు నీళ్లు ఎక్కించే ఇన్‌లెట్, స్కైలిఫ్ట్ నిలబెట్టగలిగే చోటు గుర్తించి, ఒక పేజీ నక్షాగా గీసి ఆ ప్రాంతపు బండిలో పెట్టుకోవడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. మన దగ్గర తనిఖీలంటే ఎక్కువగా కాగితాల పరిశీలనే. తనిఖీకి వెళ్లేవాళ్లలో రేపు అక్కడికి హోస్‌పైపు లాక్కుంటూ వెళ్లవలసిన ఫైర్‌మన్ ఉండాలి, ఆ మెట్లు అతను ఒక్కసారైనా ఎక్కి చూడాలి. పొగలో కూడా వేడిని బట్టి చూపించే థర్మల్ కెమెరా, చాలినన్ని సిలిండర్లు, లోపలికి ఎవరు ఎప్పుడు వెళ్లారో రాసే పలక ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ ఉండాలి. ఉన్నచోట వాడే అలవాటు ఉండాలి. వ్యాపార భవనాల విషయంలో ఎన్‌ఓసీకి, అంటే మా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రానికి, 15 మీటర్ల ఎత్తును గీతగా పెట్టుకోవడం కూడా పునరాలోచించదగినది. మంటకు ఎత్తుతో పనిలేదు. 2022 మార్చిలో పదకొండు మంది బిహార్ కార్మికులు చనిపోయిన బోయిగూడ తుక్కు గోదాము ఆకాశహర్మ్యం కాదు, పైనున్నవాళ్లు దిగడానికి ఒక ఇరుకు మెట్లదారి తప్ప మరొకటి లేని మామూలు కట్టడం.

యజమానులు సెల్లార్‌ను వాహనాలకే ఉంచి, సరుకు తీసేస్తే మిగతా ఏ ఖర్చుకన్నా ఎక్కువ ప్రయోజనం. ఆ తర్వాత స్ప్రింక్లర్లు. 68 డిగ్రీలకు గాజుబుడ్డి పగిలి దానంతట అదే నీళ్లు చల్లే ఆ చిన్న పరికరం మేము సైరన్ మోగించుకుంటూ ట్రాఫిక్‌లో చిక్కుకున్న సమయంలోనే మా పని సగం చేసిపెడుతుంది. ట్యాంకులో నీళ్లు లేకుండా, పంపు ఆపేసి పైపులు మాత్రం ఎర్రరంగు వేసి చూపించే భవనాల గురించి నేను వేరే చెప్పనవసరం లేదు.

పాఠకులకు ఒక మనవి. 101కి ఫోన్ చేసినప్పుడు "పెద్ద మంట, తొందరగా రండి" అని పెట్టేయకండి. ఏ అంతస్తులో పొగ వస్తోంది, సెల్లార్‌లో ఏముంది, లోపల ఎంతమంది ఉన్నారు, బయటికి వచ్చినవాళ్లలో ఎవరైనా సామాను కోసమో మరెవరి కోసమో మళ్లీ లోపలికి వెళ్లారా అన్నది చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. బండి వచ్చేవరకు ఆ సంగతులు తెలిసిన మనిషి ఒకరు గేటు దగ్గరే నిలబడి, దిగిన అధికారికి నేరుగా చెప్పాలి. బయటికి వచ్చినవాళ్లందరినీ ఒకచోట నిలబెట్టి పేర్లు లెక్కపెడితే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి,
సికింద్రాబాద్