ఆఫీసు తివాచీలు ఆరేదెప్పుడు?

సంపాదకులకు,

నమస్కారం. వానాకాలంలో మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల ఆఫీసుల్లోకి సోమవారం పొద్దున అడుగుపెట్టేవారికి తరచుగా ఒక ముక్కిన వాసన తగులుతుంది. ఏసీ మళ్లీ మొదలైన కాసేపటికి అది తగ్గుతుంది, లేదా ముక్కే దానికి అలవాటు పడుతుంది; ఏదేమైనా మధ్యాహ్న భోజనం వేళకు ఆ ఫిర్యాదు మరుగున పడిపోతుంది. పట్టుబట్టి అడిగినవారికి ఏసీ ఫిల్టర్లు మార్చాలన్న జవాబు వస్తుంది. నిజానికి చాలాచోట్ల ఆ వాసన కాళ్ల కిందనుంచి వస్తోంది. శనివారం రాత్రి షాంపూ పెట్టి తడిపిన తివాచీ, ఆదివారమంతా ఏసీ ఆగిపోయి, తెరిచేందుకు కిటికీలే లేని అద్దాల భవనంలో ఆరకుండా ఉండిపోతోంది. ఆఫీసు భవనాల నిర్వహణలో చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా ఈ సంగతిని మీ పాఠకుల దృష్టికి, ముఖ్యంగా హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులపై సంతకాలు చేసే అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తడిసిన తివాచీ 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరకపోతే బూజు పట్టే ప్రమాదముందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. శనివారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటికి 30 గంటలు దాటిపోతాయి. గాలిలోనే తేమ నిండి ఉండే జులై, ఆగస్టు నెలల్లో, గాలి ఆడని గదిలో ఆ గడువు ఎలా గడిచిపోతుందో ఊహించడం కష్టం కాదు. ఉబ్బసం, డస్ట్ ఎలర్జీ ఉన్న ఉద్యోగులకు బూజు ఎంత చేటో వైద్యులు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు.

ఇంత తెలిసీ ఇలా ఎందుకు జరుగుతోందంటే, కారణం కాగితంలో ఉంది. మన కాంట్రాక్టుల్లో తివాచీ గురించి సాధారణంగా కనిపించే షరతు ఒక్కటే: ఏడాదికి ఇన్నిసార్లు షాంపూ, చదరపు అడుగుకు ఇంత ధర. అంటే తివాచీని ఎన్నిసార్లు తడిపారన్న లెక్కకే డబ్బు చెల్లిస్తున్నాం తప్ప, ఎంత మురికి తీశారన్నదానికి గానీ, ఎంతసేపట్లో ఆరబెట్టారన్నదానికి గానీ కాదు. తక్కువ ధర వేసిన ఏజెన్సీకే పని దక్కుతుంది కాబట్టి, ఆ ధరలో గిట్టుబాటు కావాలంటే నీళ్లను వెనక్కి లాగే యంత్రాన్ని రెండోసారి తిప్పాల్సిన చోట ఒకసారి తిప్పి వదిలేయాలి, ఆరబెట్టే బ్లోయర్లు తేకుండా రావాలి. ఇక ఏసీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పని వేళలు దాటాక ఏసీ నడపాలంటే గంటకు ఇంతని భవన యజమానులు విడిగా వసూలు చేయడం మామూలే. ఆ ఖర్చు ఏజెన్సీ భరించదు, ఆఫీసు నిర్వహణ చూసే ఫెసిలిటీ విభాగం బడ్జెట్‌లో చూపదు, అడగకుండా నడిపేందుకు యజమాని ఒప్పుకోడు. ముగ్గురి మధ్య తివాచీ తడిగానే మిగిలిపోతుంది.

అసలు షాంపూ అవసరం ఇంత తరచుగా ఎందుకు వస్తోందన్నది మరో ప్రశ్న. తివాచీలో చేరే మురికిలో అధిక భాగం పొడి దుమ్మే. దాన్ని వ్యాక్యూమ్ క్లీనర్‌తోనే తీసేయవచ్చు. హైదరాబాద్‌లో ఈ దుమ్ము మరీ మొండిది. నగరం నిలిచి ఉన్నదే గ్రానైటు రాతి మీద. కోకాపేట నుంచి కొండాపూర్ దాకా ఎక్కడ చూసినా పునాదుల తవ్వకాలే. గ్రానైటులోని క్వార్ట్జ్ రేణువు ఉక్కు కత్తిని కూడా గీకగలదు. అలాంటి రేణువు చెప్పుల కింద పడి నైలాన్ పోగుల మొదళ్లలోకి దిగితే, నడిచిన ప్రతిసారీ ఆ పోగును కోస్తూనే ఉంటుంది. లిఫ్టు ముందు, ప్యాంట్రీ దారిలో తివాచీ ముందుగా నల్లబడి అణిగిపోయేది అందుకే. అక్కడ కనిపించేది కొంతవరకు మురికి, కొంతవరకు అరుగుదల. అరిగిన పోగును ఏ షాంపూ బాగుచేయలేదు. పైగా ముందు వ్యాక్యూమ్ చేయకుండా నీళ్లు పోస్తే దుమ్ము కాస్తా బురదై ఇంకా లోపలికి దిగుతుంది.

వరంగల్ కొత్తవాడలో నేసిన నూలు జంపఖానాను మన పెద్దలు దులిపి, ఉతికి, ఎండలో ఆరేసేవారు. నేలకు అతికించిన ఆఫీసు తివాచీని ఎండకు తీసుకుపోలేం గనుక, దులపడం, ఉతకడం, ఆరేయడం మూడూ యంత్రాలతో అక్కడే జరగాలి. మనం మధ్యదానికే డబ్బిచ్చి మొదటిదాన్నీ చివరిదాన్నీ గాలికి వదిలేశాం.

ఇప్పటి ఆఫీసుల్లో ఎక్కువగా ఉన్నవి 50 సెంటీమీటర్ల చదరపు కార్పెట్ టైల్స్. వాటి కింద చాలాచోట్ల కరెంటు, నెట్‌వర్క్ కేబుళ్లు నడిచే ఎత్తయిన నేల ఉంటుంది. టైలుకూ టైలుకూ మధ్య సందుల్లోంచి నీళ్లు కిందికి దిగితే వాసనతో పోదు, నేలలో అమర్చిన ప్లగ్ పెట్టెల్లో (ఫ్లోర్ బాక్సుల్లో) షార్ట్ సర్క్యూట్ దాకా వెళ్లవచ్చు. ఇలాంటి నేలకు మామూలు రోజుల్లో తక్కువ తేమతో చేసే పద్ధతి మేలు: ద్రావణాన్ని పలుచగా చల్లి బ్రష్ యంత్రంతో రుద్దితే, అందులోని పాలిమర్ ఆరి పలుకులుగా మారి మురికిని పట్టుకుంటుంది, దాన్ని వ్యాక్యూమ్‌తో తీసేస్తారు. బాగా మురికి పట్టినప్పుడు వేడినీళ్లను లోపలికి కొట్టి వెంటనే లాగేసే పద్ధతి అవసరమే, అయితే లాగడం ఆ పనిలో సగం కంటే ఎక్కువ. గుండ్రటి ప్యాడ్‌తో పైపైన తుడిచే పని చూడ్డానికి బాగుంటుంది, మురికి మాత్రం కిందికి జారుతుంది. సోమవారం కనిపించని టీ మరక బుధవారానికి అదే చోట మళ్లీ తేలడం చూసి ఏజెన్సీని తిట్టేవారు, అడుగున మిగిలిన తడి ఆరుతూ మరకను పైకి లాక్కొచ్చిందని గ్రహించరు. సబ్బు పూర్తిగా పోకపోతే ఆ జిగురు కొత్త దుమ్మును పట్టుకుంటుంది కూడా. మరక మరీ మొండిదైతే ఆ ఒక్క టైలు తీసి, బీరువా కింద కనిపించని టైలును అక్కడ వేస్తే సరిపోతుంది. టైల్స్‌కు ఎక్కువ ధర పెట్టి కొన్నది ఈ సౌకర్యం కోసమే అయినా, దాన్ని వాడుకునే ఆఫీసులు తక్కువ.

గుమ్మం దగ్గరి పట్టా గురించీ ఒక మాట. మన నగరంలోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లోనే, పర్యావరణ హిత భవనాలకిచ్చే ‘లీడ్’ గుర్తింపులో అత్యున్నతమైన ప్లాటినం స్థాయి పొందిన భవనం. ఆ లీడ్ ప్రమాణాలు ప్రధాన ద్వారం దగ్గర నడక దారిలో కనీసం 3 మీటర్ల పొడవున మురికిని పట్టే మ్యాట్ ఉండాలంటాయి. గోడకు లీడ్ ఫలకం తగిలించుకున్న భవనాల్లో సైతం ఆ మ్యాట్ కింద ఇసుకను ఎన్నాళ్లకోసారి ఎత్తుతున్నారో అడిగితే సమాధానం దొరకదు. నిండిపోయిన మ్యాట్ దుమ్మును ఆపదు, పంచిపెడుతుంది.

ఈ పని చేసే మనుషుల గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి. రాత్రి వేళ రసాయనం కలిపేది, బరువైన యంత్రం లాగేది, వ్యాక్యూమ్ సంచి దులిపేది ఏజెన్సీ కార్మికులు, వారిలో చాలామంది ఆడవాళ్లు. డబ్బాల మీద జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి; చిన్న సీసాల్లోకి పోశాక ఆ మాత్రం కూడా ఉండదు. మరక పోగొట్టాలన్న ఆదుర్దాలో బ్లీచింగ్ ద్రావణం, మరుగుదొడ్డి యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని శిక్షణలో చెప్పనివారిని, ఆ ప్రమాదం జరిగాక తప్పు పట్టడం న్యాయం కాదు. ప్రతి సీసా మీద తెలుగులో, హిందీలో పేరు, హెచ్చరిక అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కనుక, ఈసారి కాంట్రాక్టు రాసేటప్పుడు షాంపూల సంఖ్య తగ్గించైనా సరే, సన్నని ధూళిని కూడా ఆపే హెపా ఫిల్టరున్న యంత్రంతో నడక దారులను రోజూ వ్యాక్యూమ్ చేయాలని, తడి పని జరిగిన చోట బ్లోయర్లు పెట్టి మర్నాటికల్లా ఆరబెట్టాలని, ఆ గంటల ఏసీ ఛార్జీ ఎవరు చెల్లించాలో స్పష్టంగా రాయాలని ఫెసిలిటీ అధికారులను కోరుతున్నాను. అంతస్తు మొత్తాన్ని శనివారం రాత్రి ఒకేసారి తడపాలన్న నియమమేదీ లేదు. రాత్రి షిఫ్టులు నడిచే ఐటీ ఆఫీసుల్లో ఏసీ ఎలాగూ ఆగదు గనుక, వారం మధ్యలో ఒక్కో భాగం చొప్పున చేసుకుంటే అదనపు ఛార్జీ ప్రశ్నే రాదు. అలా వీలుకాని చోట, సోమవారం పొద్దున తేమ కొలిచే మీటరుతో నాలుగైదు చోట్ల పరీక్షించి, ఆరిందని తేలాకే బిల్లు మీద సంతకం పెట్టే పద్ధతి మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మియాపూర్, హైదరాబాద్