2025–26 వార్షిక నివేదిక: బుకింగ్ రోజు ధర, డెలివరీ రోజు ధర

సభ్యులందరికీ నమస్కారం.

దాళ్వా నూర్పిళ్లు అయ్యి, కాలువలు కట్టేసే రోజుల్లో మన వినియోగదారుల సంఘం సర్వసభ్య సమావేశం పెట్టుకోవడం ఆనవాయితీ. ప్రతి ఏటా ఈ నివేదికలో గ్యాస్ సిలిండర్లు, విత్తనాలు, కరెంటు బిల్లులు, ఇలా అన్నిటి గురించీ తలా కొంచెం రాసేవాళ్లం. ఈసారి అలా కుదరలేదు. ఆదివారం ఉదయం మన గది తాళం తీసేసరికి అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చేతిలో వాహనం బుకింగ్ ఫారమే కనిపించింది. బుక్ చేసిన రోజు ఒక ధర చెప్పారు, బండి వచ్చాక ఇంకో ధర అంటున్నారు అన్నదే అందరి మాట. కార్యవర్గం సమయం చాలావరకు వీటికే పోయింది కాబట్టి వివరంగా దీని గురించే రాస్తున్నాను.

గొడవ ఎక్కడ పుడుతుందో ముందు చెప్పాలి. షోరూంలో మనం అడిగేది ఒకటే: "అన్నీ కలిపి ఎంతవుద్దండీ?" అవతలి కుర్రాడు ఒక అంకె చెప్పి, "మీరేం కంగారు పడకండి" అంటాడు. ఆ ఒక్క అంకెలో జీఎస్టీ కలిసిన ఎక్స్ షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీలు, వారంటీ పొడిగింపు, హ్యాండ్లింగ్ చార్జీలు అన్నీ ఉంటాయి. 10 లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్, అంటే షోరూం మన దగ్గర ముందుగా వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టే సొమ్ము, కూడా పడుతుంది. అది రిటర్న్ వేసినప్పుడు మన ఖాతాలో చూపించుకునే సొమ్ము, షోరూం లాభం కాదు. ఇందులో ప్రభుత్వానికి వెళ్లేది చట్టాన్ని బట్టి మారవచ్చు. షోరూం తన చేతిలోంచి ఇస్తానన్న డిస్కౌంటు మాత్రం పూర్తిగా ఆ షోరూం మాట. ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోయినంత కాలం ఏది మారిందో, ఎవరు మార్చారో మనకు తెలియదు. ఏడాది మొత్తం మేము చేసిన పని చాలావరకు ఆ అంకెను విడదీయడమే.

పాలకొల్లు దగ్గర పల్లెలో ఉండే మన సభ్యులు ఒకరు, రిటైర్డ్ మాస్టారు, శ్రావణ మాసంలో చిన్న పెట్రోల్ కారు బుక్ చేశారు. ఫారం మీద 35 వేలు డిస్కౌంటు అని రాసి, మేనేజరు సంతకం పెట్టారు. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద జీఎస్టీ తగ్గింపు గురించి చెప్పారు. సెప్టెంబర్ 3న కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది. నవరాత్రులు మొదలైన సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగింది. మాస్టారు ఆ తేదీ దాకా ఆగి వెళితే, కొత్త ధర ఇచ్చారు కానీ పాత డిస్కౌంటు కొట్టేశారు. పైగా 18 వేల యాక్సెసరీలు తీసుకోకపోతే బండి దొరకదన్నారు. ఆ స్కీము ఆగస్టు నెల వరకేనని వాళ్ల వాదన.

ఆయన మా దగ్గరికి వచ్చినప్పుడు బాధ అంతా ఇంతా కాదు. "జీతం రాళ్లు కూడబెట్టి కొంటున్నాను, అడుక్కుంటున్నట్టు నిలబెట్టారు" అన్నారు. ఫారం తీసి అక్షరం అక్షరం చదివాం. డిస్కౌంటు ఫలానా తేదీ వరకే అని ఎక్కడా లేదు. ఆ సంగతే ఉత్తరంగా రాసి, ఫారం నకలు జత చేసి, మాస్టారితో కలిసి ఇద్దరం షోరూంకి వెళ్లాం. మొదటిసారి కాఫీ ఇచ్చి పంపించేశారు. రెండోసారి మేనేజరు ఒప్పుకున్నారు. డిస్కౌంటు తిరిగి వచ్చింది, యాక్సెసరీల్లో ఆయనకు కావలసిన మ్యాట్లు మాత్రమే మిగిలాయి. దసరాకి రావలసిన కారు నాగుల చవితికి వచ్చింది.

ఈ కేసులో మన వైపు కూడా ఒక పొరపాటు జరిగింది, అది చెప్పకపోతే నిజాయితీ కాదు. పన్ను 28 శాతం, దాని మీద ఒక శాతం సెస్ కలిపి 29 నుంచి 18కి తగ్గింది కాబట్టి 7 లక్షల కారుకి 11 శాతం, అంటే 77 వేలు తగ్గాలని మాస్టారు లెక్కేశారు. చాలామంది సభ్యులు అలాగే అనుకున్నారు. కానీ ఆ 7 లక్షల్లో పన్ను కలిసే ఉంది. పన్ను తీసేస్తే అసలు ధర సుమారు 5,42,600. దాని మీద 18 శాతం వేస్తే 6,40,300 అవుతుంది. తగ్గాల్సింది సుమారు 59,700. తప్పు లెక్కతో వెళితే మన సరైన మాట కూడా చెల్లకుండా పోతుంది. ట్రాక్టర్లకు 12 నుంచి 5కి దిగింది. అక్కడా ఇదే పద్ధతి, ధరలో ఆరు శాతం పైచిలుకు తగ్గుతుంది, ఏడు కాదు.

ఒప్పందం అయ్యాక పన్ను మారితే ఆ తేడా ఎవరిది అని చాలామంది అడిగారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64ఎ సెక్షను దీనికే ఉంది. వేరే విధంగా రాసుకోకపోతే, పన్ను పెరిగితే అమ్మేవాడు ఆ మేరకు కలుపుకోవచ్చు, తగ్గితే కొనేవాడు ఆ మేరకు తగ్గించుకోవచ్చు. రెండు వైపులా పదునున్న కత్తి. తగ్గినప్పుడు మాత్రమే మనకు గుర్తొస్తే సరిపోదు. పన్ను తగ్గింపును కొనేవాళ్లకు ఇవ్వకుండా మిగుల్చుకున్నారని జీఎస్టీ చట్టం కింద ఫిర్యాదు పెడదామని కొందరు అన్నారు కానీ, 2025 ఏప్రిల్ 1 నుంచే అక్కడ కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. షోరూం వాళ్ల కష్టం కూడా విన్నాం. కార్ల మీద సెస్ ఎత్తేయడంతో, సెప్టెంబర్ 22కి ముందు కట్టిన సెస్ సర్దుకునే దారి లేక వాళ్ల ఖాతాల్లో ఇరుక్కుపోయింది. అది నిజమైన నష్టమే. దాన్ని బుక్ చేసుకున్న మనిషి డిస్కౌంటులోంచి రాబట్టుకుంటామంటే మాత్రం మన సంఘం ఒప్పుకోదు.

ఇక నెగ్గని సంగతి. భీమవరం వైపు ఆక్వా రైతు ఒకరు నవంబరులో విజయవాడ షోరూంలో పెద్ద కారు బుక్ చేశారు. కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు, అప్పటికి బండి ఇంట్లో ఉండాలని ఆశ. డిసెంబర్ 20 లోపు ఇస్తామని సేల్స్ కుర్రాడు విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు. బండి రాలేదు. జనవరిలో కంపెనీ ధర పెంచింది. భోగి ముందు రోజు ఫోను చేసి, 46 వేలు ఎక్కువ కడితే తాళాలు ఇస్తామన్నారు. పండగ పూట గొడవెందుకని ఆయన కట్టేశారు. తర్వాత ఫారం చూస్తే, డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందని చిన్న అక్షరాల్లో ఉంది, కింద ఆయన సంతకం. తేదీ రాసిచ్చిన కుర్రాడు ఉద్యోగం మానేశాడని, ఆ కార్డుతో తమకు సంబంధం లేదని షోరూం జవాబు.

అయినా వదల్లేదు. ఫారం 21, అంటే అమ్మకం సర్టిఫికెట్, తీయించి చూశాం. బండి తయారైన నెల అక్టోబరు. అక్టోబరులో తయారైన బండిని జనవరి ధరకు ఎందుకు అమ్మారన్నదే మన ప్రశ్న. దీని మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. షోరూం ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. 50 లక్షల లోపు కొనుగోళ్లు జిల్లా కమిషన్‌కే వస్తాయి, 10 నుంచి 20 లక్షల మధ్య బండికి ఫీజు 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఆ సంతకం మనకు అడ్డం వస్తుందని రైతుకు ముందే చెప్పాం. ఆయన, "వచ్చినా రాకపోయినా అడగాలి కదండీ" అన్నారు.

రాజోలు వైపు కుర్రాడి విషయం కొంచెం సులువుగా తేలింది. ట్యాక్సీకి బండి తీసుకుంటుంటే, హ్యాండ్లింగ్ చార్జీలని, వాళ్ల దగ్గరే ఇన్సూరెన్స్ చేయించాలని పట్టుబట్టారు. వ్యాపారానికి కొంటున్నావు కాబట్టి నీకు వినియోగదారుల చట్టం వర్తించదని బెదిరించారు కూడా. ఆ మాట తప్పు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొనుక్కున్న మనిషి కూడా వినియోగదారుడేనని చట్టమే చెబుతోంది. ఇన్సూరెన్స్ ఎక్కడ చేయించుకోవాలో కొనేవాడి ఇష్టం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయించాం, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. కొద్ది రోజుల్లో షోరూం వాళ్లే పిలిచి రెండూ తీసేశారు. కుర్రాడి తల్లి మన గదికి పనసకాయ పంపింది.

ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి రొయ్య ధర పడిపోయినప్పుడు బుకింగులు రద్దు చేసుకున్నవాళ్లూ వచ్చారు. ఇందులో ఫారం మీద ఏం రాసుంటే అదే నిలబడింది, మేము పెద్దగా చేయగలిగింది లేదు.

ఈ అనుభవాలతో ఒక కాగితం తయారుచేసి అందరికీ పంచాం. బుక్ చేసే రోజే ధరను విడివిడిగా రాయించుకోండి. డిస్కౌంటు, పాత బండి ఎక్స్‌చేంజ్ ధర, డెలివరీ తేదీ ఫారం మీదే రాయించి, షోరూం ముద్ర, మేనేజరు సంతకం అడగండి. విజిటింగ్ కార్డు వెనక రాసింది అవసరానికి నిలబడడం కష్టం. డెలివరీ రోజు ధర అన్న వాక్యం ఉంటే, ఫలానా తేదీ దాటితే ఆలస్యానికి షోరూందే బాధ్యత అని పక్కన రాయించండి. రాయనంటే ఇంకో షోరూం చూసుకోండి, రాజమండ్రి నుంచి కాకినాడ దాకా షోరూములకు కొదవ లేదు. వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్ చెరిపేయకండి, ఫోను మార్చినా పాతది దాచుకోండి. బుకింగ్ సొమ్ము బ్యాంకు ద్వారానే కట్టండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం అమ్మేవాడికే తప్పు. ముహూర్తం దాటిపోతుందని ఎక్కువ కట్టక తప్పకపోతే, రసీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి ఫొటో తీసుకోండి. రైతు గారు ఆ ఒక్క మాట రాసి ఉంటే మన ఫిర్యాదు ఇంకా బలంగా ఉండేది. ఆ సంగతి ముందే అందరికీ చెప్పి ఉండాల్సింది కార్యవర్గమే.

మిగతా కార్యక్రమాలు క్లుప్తంగా: డిసెంబర్ 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు హైస్కూల్లో పిల్లలకు బిల్లు చదవడం నేర్పించాం. పెట్రోలు బంకుల్లో కొలత ఎలా అడగాలో ఒక సాయంత్రం చూపించాం. జమాఖర్చుల పత్రం విడిగా అందరికీ ఇస్తున్నాం, సందేహాలుంటే కోశాధికారి గారిని సమావేశంలోనే అడగవచ్చు.

రైతు గారి ఫిర్యాదులో షోరూం జవాబు ఇంకా రావాలి. నోటీసు అందాక 30 రోజులు, అవసరమైతే ఇంకో 15 రోజులు వాళ్లకు గడువు. వాయిదా తేదీ తెలియగానే మన గది బోర్డు మీద రాస్తాం. ఆ రోజు ఆయన ఒక్కరే వెళ్లకుండా వీలున్న సభ్యులు తోడు రావాలని కోరుతున్నాను. ఎప్పటిలాగే ఆదివారం ఉదయం గది తెరిచే ఉంటుంది. బండి బుక్ చేయబోయేవాళ్లు సంతకం పెట్టక ముందే ఫారం తెచ్చి చూపించండి.

మీ కార్యదర్శి