నందలూరులో రైలు ఎందుకు ఆగేది

కడప

రేయ్ అబ్బీ,

నీ ఉత్తరం అందింది. నందలూరు స్టేషన్ చూసి "ఈ ఊరికి ఇంత పెద్ద యార్డు ఎందుకురా" అని అడిగినావు. అది ఊరి కోసం వేసిన యార్డు కాదు సామీ, ఇంజను దప్పిక కోసం వేసింది. స్టేషన్ ఎట్లా వెలిగిందో, ఎట్లా మసకబారిందో రెండూ అందులోనే ఉండాయి.

మద్రాసు రైల్వే ఈ లైను 1860లలో మనవైపు తెచ్చింది. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. అంత దూరం పోయే బొగ్గింజను దారిలో ఎన్నిసార్లు నీళ్లు తాగాలో లెక్క వేసుకో. కిలో బొగ్గు కాలితే ఆరేడు లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. 1947లో వచ్చిన డబ్ల్యూపీ రకం బొగ్గింజను టెండరులో, అంటే వెనకాల తగిలించే నీళ్ల-బొగ్గు బండిలో, సుమారు 25 వేల లీటర్ల నీళ్లు, 15 టన్నుల బొగ్గు పట్టేవి. వినడానికి చాలానే అనిపిస్తుంది గానీ టెండరు అడుగు కనపడేదాకా ఏ డ్రైవరూ తోలడు. ముందు స్టేషన్‌లో పంపు చెడిపోయి ఉంటే దిక్కెవరు? అందుకే సగం తగ్గకముందే నింపుకునేవాళ్లు.

ఏ నీళ్లు పడితే అవి పనికిరావు. మన జిల్లాలో అడుగడుగునా సున్నపురాయి. కొన్ని బావుల నీళ్లతో కందిపప్పే ఉడకదు, ఇంక బాయిలరు సంగతి చెప్పాల్నా. ఉప్పునీళ్లు పోస్తే గొట్టాల మీద పెచ్చు కడుతుంది, మన కాగుల అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. ఆ పెచ్చు వేడిని నీళ్లకు చేరనీదు. బొగ్గు ఎక్కువ తగలబడుతుంది, లోహం కాగిపోయి గొట్టాల మొదళ్లు కారుతాయి. ఉప్పు మరీ ఎక్కువైతే నీళ్లు నురగెత్తి ఆవిరితో పాటే సిలిండర్లలోకి పోతాయి. నీళ్లు ఆవిరిలాగా నొక్కుకుపోవు కదా, పిస్టన్ వాటిని గుద్దితే సిలిండరు మూత పగులుతుంది. అన్నిటికంటే భయం నీళ్ల మట్టం పడిపోవడం. నిప్పుగూటి పైరేకు మీద నీళ్లు లేకపోతే అందులో బిగించిన సీసం బిరడా కరిగి, ఆవిరి నేరుగా నిప్పు మీదికి దూకుతుంది. బిరడా పని చేస్తే మంట చల్లారి బండి ఆగిపోతుంది. చెయ్యకపోతే బాయిలరే పేలుతుంది.

చెయ్యేరు ఇసకలో ఊరే నీళ్లకు ఈ పీడ తక్కువ. ఏటి ఒడ్డున నందలూరు ఇంజన్ల ఊరు కావడానికి, నా మాట నమ్ము, ఆ నీళ్ల చలవే పెద్దది.

నీళ్ల కోసం ఆగిన ఇంజనుకు మిగతా సేవలన్నీ అక్కడే జరిగేవి. పట్టాల పక్కన నిలబడే నీళ్ల కంబం, అదే వాటర్ కాలమ్, దాని చెయ్యి తిప్పి, గొట్టం టెండరు నోట్లో పెట్టి, ఫైర్‌మన్ పైకెక్కి చూస్తుంటే కింద ఒకరు వాల్వు తిప్పేవాళ్లు. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి గడ్డలు కట్టి జల్లెడ మీద అతుక్కుంటే కింద నుంచి గాలి ఆడదు, నిప్పు ఎర్రగా మూలుగుతుందే తప్ప ఆవిరి లేవదు. బూడిద గుంట మీద నిలబెట్టి పొడవాటి గడ్డపారతో ఆ గడ్డలు పగలగొట్టి లాగాలి. ముందువైపు పొగగూట్లో పేరుకున్న మసీ ఊడ్చాలి. కొన్ని రోజులకొకసారి బాయిలరును పూర్తిగా చల్లార్చి, బిరడాలు విప్పి, నీటి ధారతో బురద కడగాలి. చల్లారిన ఇంజను మళ్లీ ఆవిరి పట్టడానికి ఒక పూట పడుతుంది. తొందరపడి ఎగదోస్తే రేకులు సమానంగా సాగక అతుకులు కారతాయి. అందుకే ఇంజన్లను నిలబెట్టి బాగుచేసే షెడ్డు రాత్రీ పగలూ పని చేసేది. ఫిట్టర్లు, బాయిలర్ మేకర్లు, బొగ్గు కూలీలు, డ్యూటీ దిగిన డ్రైవర్లకు రన్నింగ్ రూమ్, వాళ్లందరికీ క్వార్టర్లు. ఆ జీతాలతోనే సగం అంగళ్లు నడిచేవి. బండి అంతసేపు నిలబడేది కాబట్టి ప్లాట్‌ఫారం మీద తిండి అమ్మేవాళ్లకూ చేతినిండా బేరం. జనం దిగి, తిని, చెయ్యి కడుక్కుని ఎక్కే టైముండేది.

ఇదంతా పోయింది డీజిలుతో. 1962 నుంచి డబ్ల్యూడీఎం2 రకం డీజిలింజన్లు దిగినాయి, 2600 హార్స్‌పవర్, 5 వేల లీటర్ల డీజిలు ట్యాంకు. వాటికి ఏటి నీళ్లతో పనేముంది? 1972లో దేశంలో బొగ్గింజన్ల తయారీయే ఆపేసినారు. బొగ్గు షెడ్డును డీజిల్ షెడ్డుగా మార్చడం గోడలకు సున్నం కొట్టినంత సులువు కాదు, పనిముట్లు వేరు, పనితనం వేరు. గుత్తికి డీజిల్ షెడ్డు దక్కింది, నందలూరుకు దక్కలేదు. అసలు దెబ్బ అదీ. ఖాళీ అయిన రైల్వే స్థలంలో ఏదన్నా పరిశ్రమ పెట్టండని జనం అడుగుతానే ఉండారు.

మిగిలిన కాస్త ఆగడాన్నీ జంట లైను తీసేసింది. ఒంటి లైనప్పుడు ఎదురుబండి కోసమైనా ఆగాలి, పక్క స్టేషన్ ఒప్పుకుని, లైను ఖాళీ అనే గుర్తుగా ఇచ్చే లోహపు గుండు టోకెను చేతికొస్తేనే కదలాలి. ఇప్పుడు ఎవరి దారి వాళ్లది. 2019లో కృష్ణపట్నం లైను వచ్చి కలిసింది కూడా ఓబులవారిపల్లె దగ్గర, జంక్షన్ పేరు దానికి పోయింది.

2020లో ప్యాసింజర్లు నిలిపేసి, తర్వాత ఎక్స్‌ప్రెస్ పేరుతో మళ్లీ తిప్పినప్పుడు 10 రూపాయల కనీస టికెట్టు 30 అయింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దించినారు గానీ, ఆలోపల జనం బస్సుకూ ఆటోకూ మరిగినారు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడైతే చెయ్యేరు కంకర, మట్టి ఊడ్చుకుపోయింది. నందలూరు, రాజంపేట మధ్య పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో తోరణాల్లాగా వేలాడినాయి. షెడ్డు పెట్టించిన ఏరే లైనును తినేసింది చూడు.

ఈసారి వచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్ వద్దు, ప్యాసింజరే ఎక్కు. నంబరు మాత్రం కొత్తగా చూసుకో, 2025 జనవరి నుంచి సున్నాతో మొదలయ్యే పాత నంబర్లు పోయినాయి. పొద్దున్నే దిగితే ఎండ ముదరకముందే షెడ్డు వైపు ఒక చుట్టు, సౌమ్యనాథస్వామి గుడికి ఒక చుట్టు వెయ్యొచ్చు. పట్టాలు మాత్రం దాటొద్దు, ఇప్పటి కరెంటు బండ్లు చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకో.

నీ
మిత్రుడు