డిఫికల్టీ లెక్కకు ఒక్క వాక్యం చాలదు

అయ్యా,

గత ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన బిట్‌కాయిన్ మైనింగ్ వ్యాసం చదివాను. 'డిఫికల్టీ దానంతటదే సర్దుకుంటుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. డిఫికల్టీ అంటే కొత్త బ్లాకు, అంటే లావాదేవీల చిట్టాలో ఒక పేజీ, తవ్వడానికి మైనర్ల యంత్రాలు ఎంత కష్టపడాలో చెప్పే కొలత. అనంతపురంలో పాలిటెక్నిక్ పిల్లలకు కంట్రోల్ సిస్టమ్స్ చెప్పేవాడిగా నాకది మింగుడు పడలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

బిట్‌కాయిన్‌లో 2016 బ్లాకులకోసారి, అంటే సుమారు రెండు వారాలకు, డిఫికల్టీ మారుతుంది. 2021లో చైనా మైనింగ్‌ను అణచివేసినప్పుడు బ్లాకులు బాగా నెమ్మదించాయి. జులైలో డిఫికల్టీ దాదాపు 28 శాతం తగ్గాక కుదుటపడింది. పెద్ద చైన్ (బ్లాకుల గొలుసు) కాబట్టి తట్టుకుంది. అవే యంత్రాలతో తవ్వే చిన్న చైన్‌కు ఆ భరోసా లేదు. గిట్టుబాటు ఎటుంటే మైనర్లు అటు దూకుతారు.

2017 ఆగస్టులో బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్‌నే చూడండి. ఆరు బ్లాకులకు 12 గంటలు దాటితే డిఫికల్టీ 20 శాతం తగ్గేలా అత్యవసర నిబంధన పెట్టుకున్నారు. తగ్గినంత చురుగ్గా పెరిగే ఏర్పాటు మాత్రం లేదు. మైనర్లు పక్కకు తప్పుకుని, చవకయ్యాక వచ్చి బ్లాకులు దండుకున్నారు. నవంబరులో దాన్ని తీసేసి, గడిచిన 144 బ్లాకుల సగటును బట్టి డిఫికల్టీ లెక్కించే పద్ధతి తెచ్చారు. ఊగిసలాట తగ్గిందే గానీ పోలేదు.

ఎందుకు పోలేదో మా ల్యాబ్‌లో ఒక విద్యార్థిని పైథాన్‌లో రాసిన సిమ్యులేషన్‌లో స్పష్టంగా కనిపించింది. పది నిమిషాలకో బ్లాకు లెక్కన 144 బ్లాకులంటే ఒక రోజు. ఇవాళ మైనర్లు గుంపుగా దిగితే, ఆ బ్లాకులు రేపు దాదాపు అదే వేళకు సగటులోంచి జారిపోతాయి. వెంటనే డిఫికల్టీ పడుతుంది, మళ్లీ గుంపు దిగుతుంది. గ్రాఫు అచ్చం రంపపు పళ్లే.

2020 నవంబరులో బిట్‌కాయిన్ క్యాష్‌లోనే వచ్చిన ఆసర్ట్ అనే కొత్త లెక్కింపు పద్ధతిలో ఈ 144 బ్లాకుల కిటికీయే లేదు. ఒక ఆధార బ్లాకు నుంచి చైన్ షెడ్యూలుకు ఎంత ముందుందో, ఎంత వెనకుందో ప్రతి బ్లాకుకూ చూస్తుంది. రెండు రోజులు ముందుంటే ఆధార డిఫికల్టీ రెట్టింపవుతుంది, రెండు రోజులు వెనకబడితే సగమవుతుంది. ఆ అమ్మాయి ఇదే సూత్రం పెట్టి నడిపితే పళ్లు మాయమయ్యాయి. ఇంకో మేలు కూడా ఉంది. బ్లాకు మీద టైము వేసేది మైనరే కదా, దొంగ టైము వేస్తే? తర్వాతి బ్లాకులో సరైన టైము పడగానే దాని ప్రభావం చెరిగిపోతుంది. చిన్న చైన్‌కు ఇంతకంటే సరైన దారి నాకు కనబడలేదు.

మన జిల్లాలో బ్లాక్‌చైన్ ప్రాజెక్టు అంటే ఓటింగ్ యాప్, సర్టిఫికెట్ల యాప్ తప్ప మరోటి చేయడం లేదు. లెక్కలొచ్చిన పిల్లలకు ఇలాంటి సమస్య ఇవ్వాలి. మీ పేజీలో ఒక వారం దీనికే కేటాయించండి. గ్రాఫులు మేం పంపిస్తాం.

- ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు, అనంతపురం