పంటెక్కి తిరిగొచ్చిన పార్సిల్: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇది మీకు నేను పంపుతున్న ఐదో కాగితం. మొదటి నాలుగూ అర్జీలు. సోమవారం పూట వెళ్లి, లైన్లో నిలబడి, రసీదు పుచ్చుకుని ఇచ్చినవే. నాలుగింటికీ ఫోనుకి మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. ఎవరి సమస్య పరిష్కారమైందో తెలియదు గానీ, ఆ మెసేజ్ చదివినప్పుడల్లా లేసు అల్లే మా గ్రూపు ఆడవాళ్లమంతా నవ్వుకుంటున్నాం. అందుకే ఈసారి అర్జీ మానేసి, నలుగురూ చదివేలా మా లేసు పార్సిల్ కథ ఉత్తరంగా రాస్తున్నాను. నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు కొడుతోంది. తప్పులుంటే దాన్నే అనుకోండి.

మా లేసుని విదేశాలకి అమ్మించే పథకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మా నర్సాపురం లేసుకి జీఐ, అంటే ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు రావడం, మాకు ట్రైనింగ్ ఇవ్వడం, ఫొటోలు దిగడం అన్నీ మీకు తెలిసినవే. ఆ ఫొటోల్లో రెండో వరసలో ఎడమ చివర ఉన్నది నేనే. సూది తలకిందులుగా పట్టుకున్నానని చూసినవాళ్లు ఎగతాళి చేశారు. అలా పట్టుకోమన్నది ఫొటో తీసినాయనే, మెరుపు బాగా పడుతుందని.

మూడు రోజుల ట్రైనింగ్. పేరు "అంతర్జాతీయ మార్కెటింగ్". మాస్టారు మంచాయనే, ఓపిగ్గా చెప్పారు. ప్రొడక్టు, ప్రైసు, ప్లేసు, ప్రమోషను అని నాలుగు పీలు బోర్డు మీద రాసి మా చేత రాయించారు. మా ఊరికి ఐదో పీ కూడా ఉంది సార్, పంటు అన్నాను నేను. అందరూ నవ్వారు. మాది సఖినేటిపల్లి వైపు. నర్సాపురం వెళ్లాలంటే వశిష్ట గోదారి మీద పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ ఎక్కడమే మాకు దగ్గర దారి. "ప్రపంచమంతా ఒకటే సంతయిపోయిందమ్మా, మీ ఇంటి అరుగే మీ షోరూము" అని కూడా అన్నారాయన. నోటుబుక్కులో అదీ రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఆయన చెప్పినవన్నీ చేశాం మంత్రి గారూ. అదే మేం చేసిన తప్పేమో. ఎగుమతులకి ఐఈసీ కోడ్, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకిచ్చే నంబరు కావాలన్నారు, ఐదొందలు కట్టి నా పాన్ మీద తీశాం. ఫొటోలు ఎండలో తీయకూడదు, నీడలో నల్లగుడ్డ మీద పెట్టి తీయాలన్నారు, అలాగే తీశాం. పెద్ద షిప్పింగ్ కంపెనీల జోలికి పోనక్కర్లేదు, డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలని పోస్టాఫీసుల్లోనే పెట్టారు, చిన్న పార్సిళ్లు అక్కణ్ణుంచే విదేశాలకి పంపొచ్చన్నారు. సరేనన్నాం.

ఆర్డరు నిజంగానే వచ్చింది. మా అమ్మాయి స్నేహితురాలి అక్క అమెరికాలో ఉంటుంది. వాళ్ల పక్కింటి ఆవిడ ఫొటోలు చూసి ముచ్చటపడింది. బల్ల మీద ప్లేటు కింద వేసే గుండ్రటి లేసులు, డోయిలీలు అంటారు వాళ్లు, నలభై కావాలంది. ఒక్కోటి ఎనిమిది డాలర్లు. నవంబరులో వాళ్లకి థాంక్స్ గివింగ్ అని పండగట, ఆ రోజు బల్ల మీద వేయాలని.

లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఒక్కో ముక్క రోజున్నర పని. పువ్వులు అల్లాలి, అతుకు పని చెయ్యాలి, ఉతకాలి, గంజి పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. మాకెప్పుడూ పని ఇచ్చే ఏజెంటు నూలు తనే ఇచ్చి ఇలాంటి ముక్కకి తొంభై రూపాయలిస్తాడు. అంటే రోజుకి అరవై. ఈ ఆర్డరు మొత్తం 320 డాలర్లు, అప్పటి రేటుకి 28 వేలు. నూలు రెండున్నర వేలు, పోస్టు ఖర్చు ఐదున్నర వేలు తీసేస్తే ఇరవై వేలు మిగులుతుంది. అరవై రోజుల పనికి పంచుకుంటే రోజుకి మూడు వందలు పైనే. మా గ్రూపులో ఒకావిడ ఈ లెక్క మూడుసార్లు వేయించుకుంది. ముప్పై ఏళ్లుగా అల్లుతున్న మనిషి. ఎక్కడో సున్నా ఎక్కువ పడిందని ఆవిడ అనుమానం.

పగలు ఏజెంటు పని, రాత్రి మా పని. ఎనిమిది మందిమి ఆషాఢం శ్రావణం అలాగే గడిపాం. 2025 ఆగస్టు 26, మంగళవారం. మర్నాడు వినాయక చవితి. పార్సిల్ సంచిలో పెట్టుకుని పంటెక్కాను. గోదారి ఎర్రగా ఉంది. ఆవలి ఒడ్డున దిగి, బస్సెక్కి, ఎగుమతి కౌంటరున్న పోస్టాఫీసుకి వెళ్లేసరికి పదకొండున్నర. కౌంటరులో కుర్రాడు నా మొహం చూసి, "నిన్నటి నుంచే ఆపేశారండీ, అమెరికాకి ఉత్తరాలు, కాగితాలు, వంద డాలర్ల లోపు గిఫ్టులు తప్ప ఏమీ తీసుకోం" అన్నాడు. నిన్నటి నుంచి! ఎనిమిది వందల డాలర్ల లోపు పార్సిళ్లకి అక్కడ సుంకం లేకుండా ఉండేదట, అది తీసేస్తున్నారట. మర్నాడు, చవితి రోజు నుంచే మన సరుకు మీద 50 శాతం సుంకం. ఇవన్నీ ఆ కుర్రాడు చెబితే తెలిసినవే. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

సంచి పట్టుకుని మళ్లీ పంటెక్కాను. పంటు మీద పత్రి మోపులు, బొమ్మలు, పిల్లలు. అందరూ పండగ సరుకుతో వెళ్తున్నారు, నేను నా సరుకుతో.

ఒక్క సంగతి అడుగుతాను. మా ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. ట్రైనింగ్‌లో రెండుసార్లు రాయించుకున్నారు. "పరిష్కరించబడినది" అని మెసేజ్ పంపడం మీకు తెలుసు. మరి "అమెరికాకి పార్సిళ్లు ఆగిపోయాయి, తొందరపడకండి" అని ఒక మెసేజ్ పంపడానికి ఏమడ్డం వచ్చింది? అక్టోబరు 15 నుంచి మళ్లీ తీసుకుంటున్నారని కూడా మాకెవరూ చెప్పలేదు. నవంబరు సగం అయ్యాక మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది.

17వ తేదీన మళ్లీ పంటు. ఈసారి కొత్త మాట. నా ఐఈసీ కోడ్ పని చేయడం లేదట. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల ఆన్‌లైన్‌లో అప్‌డేట్ చేయాలట. మార్పేమీ లేకపోయినా, మార్పేమీ లేదని చెప్పాలట. చెప్పకపోతే కోడ్ ఆగిపోతుందట. మాలో ఏ మార్పూ లేదని మేం ఆన్‌లైన్‌లో చెబితే గానీ మీకు తెలియదా మంత్రి గారూ? మా ఇళ్లు చూస్తే తెలియడం లేదా? మూడు రోజుల ట్రైనింగ్‌లో నాలుగు పీలకి ఒక పూటంతా పట్టింది. ఈ ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

కోడ్ బాగయ్యేసరికి పది రోజులు. 27న వాళ్ల పండగ అయిపోయింది. ఆవిడ మంచిదే, కోప్పడలేదు. "వచ్చే ఏడాది చూద్దాం" అని మెసేజ్ పెట్టింది, దండం పెట్టే బొమ్మతో.

అయినా పంపేద్దాం, సగం ధరకైనా తీసుకుంటుందేమో అని డిసెంబరులో మూడోసారి వెళ్లాను. సుంకం ముందే, బుకింగ్ దగ్గరే కట్టాలన్నారు. సరుకు విలువలో సగం. అంటే పద్నాలుగు వేలు. నా పర్సులో నాలుగు వందల ఇరవై ఉన్నాయి. పైగా ఇంకో ప్రశ్న, ఇది ఏ సరుకు కోడ్ కింద రాయాలి? చేతి లేసు అంటే కస్టమ్స్ జాబితాలో 58వ అధ్యాయంలో ఉందట. అల్లిన టేబుల్ గుడ్డలంటే 63లో ఉన్నాయట. డోయిలీ లేసూ అవుతుంది, టేబుల్ గుడ్డా అవుతుంది. తప్పు కోడ్ రాస్తే అక్కడి కస్టమ్స్‌లో ఆగుతుందన్నారు. ఏది రాయాలో చెప్పేవారెవరని అడిగితే ఎవరూ లేరు. రేవుకి అటువైపు ఆఫీసులో అడిగితే "మీది కోనసీమ కదమ్మా, మీ జిల్లాలో అడగండి" అన్నారు. మా జిల్లాలో అడిగితే "లేసంటే నర్సాపురం కదా" అన్నారు.

జీఐ కాగితంలో పశ్చిమ గోదావరితో పాటు కోనసీమ పేరు కూడా ఉంది, నేను చూశాను. 1844లో మిషనరీలు ఈ పని నేర్పారంటారు. వాళ్లయితే రేవుకి అటా ఇటా అని అడిగి నేర్పలేదు.

జీఐ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 2024లో వచ్చినప్పుడు మిఠాయిలు పంచారు, తిన్నాం. తర్వాత తెలిసింది, ఆ గుర్తు ఎవరు పడితే వాళ్లు వాడకూడదట, చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా పేర్లు ఎక్కాలట. మా ఎనిమిది మందిలో ఒక్కరి పేరూ ఎక్కలేదు. ఆ ఫారం నింపించడానికి ఒక క్యాంపు పెడతామన్నారు, పెట్టలేదు. పైగా ఆ చట్టం మన దేశం వరకే. ఫ్రాన్సులోనో అమెరికాలోనో ఎవరైనా మెషిన్ లేసుకి నర్సాపురం అని పేరు పెట్టి అమ్ముకుంటే, ఆపడానికి ఆ దేశంలో మళ్లీ విడిగా రిజిస్టరు చేయించాలి. అది మేం చేయించగలమా? చైనా మెషిన్ సరుకొచ్చి మన లేసు మార్కెట్ తినేసిందని మీరే మైకులో అన్నారు. మెషిన్ ముక్కకీ మా ముక్కకీ తేడా నా చేతికి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. ఫోన్లో ఫొటో చూసి కొనేవాళ్లకి తెలియదు కదా. ఆ తేడా చెప్పడానికే కదా ఆ గుర్తు.

గ్రేటర్ నోయిడాలో హస్తకళల ఫెయిరుకి తీసుకెళ్తామన్న మాట ఇక ఎత్తను. బట్టలు సర్దుకున్నవాళ్లు కూడా ఉన్నారు మాలో.

రొయ్యల మీద అమెరికా సుంకం పడితే ముఖ్యమంత్రి గారు కేంద్రానికి లేఖ రాశారు. మంచిదే. చెరువుల మీద పనికెళ్లేవాళ్లు మా ఇళ్లలోనూ ఉన్నారు, రొయ్య ధర పడితే మా పొయ్యికీ తెలుస్తుంది. కానీ రొయ్య కోసం అంత లేఖ రాసిన చేత్తో లేసు కోసం ఒక్క లైను రాస్తే సరిపోయేది కదా. పోనీ మీరు రాయండి. బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం సంతకమైంది, సుంకాలు తీసేస్తారన్నారు. అందులో మా లేసు ఉందా? ఉంటే ఏ కోడ్ కింద? ఎప్పటి నుంచి? ఈ మూడింటికీ తెలుగులో జవాబు చెబితే, అమెరికా పోయినా లండన్ వైపు చూస్తాం. మా ముత్తవ్వల లేసులు అటే వెళ్లేవట.

ఏం కావాలో సూటిగా రాయమంటోంది మా అమ్మాయి. సూటిగా అంటే ఏముంది, ఫోను చేస్తే ఎత్తే మనిషి ఒకరు కావాలి. రేవుకి అటుంటారో ఇటుంటారో మాకనవసరం. చిన్న పార్సిళ్లకి ముందుగా కట్టాల్సిన సుంకంలో కొంతైనా మీరు భరించగలరేమో చూడండి, అప్పుగా ఇచ్చినా తీర్చుకుంటాం. చెన్నైలో మా పేర్లు ఎక్కించండి. ఏ కోడ్ రాయాలో చెప్పండి. ఏదైనా ఆగిపోతే ఆగిపోయిందని చెప్పండి, మొదలైతే మొదలైందని చెప్పండి. ఇన్ని కుదరవంటే ఆ ఫోను ఎత్తే మనిషినైనా పెట్టండి మహాప్రభో.

సంక్రాంతికి ఏజెంటు వచ్చాడు. విషయం ఎలాగో తెలిసింది. ఆ నలభై ముక్కలూ తనకిచ్చేయమన్నాడు, నూలు మాదే కాబట్టి నూటపది చొప్పున ఇస్తానన్నాడు. ఇద్దరు ఇచ్చేద్దామన్నారు. వాళ్లనేం అనగలను, పండగ ఖర్చులు ఎవరికైనా ఒకటే. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆగండని బతిమాలాను.

పార్సిల్ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది, కలరా ఉండలు వేసి పెట్టాను. గంజి పెట్టిన తెల్ల లేసు ఎక్కువ రోజులు మూసి ఉంచితే పసుపు తిరుగుతుంది, మళ్లీ ఉతకాలి. మీ జవాబు ఈలోపు వస్తే బాగుంటుంది. మెసేజ్ రూపంలో మాత్రం వద్దు.

ఇట్లు,
ఎనిమిది మంది తరఫున,
సఖినేటిపల్లి మండలం నుంచి లేసు అల్లే ఒక మహిళ